స్త్రీపర్వం లేని యుద్ధాలు

(హైదరాబాద్ రామంతపూర్‌లోని ఒక కాలనీ కమ్యూనిటీ హాలులో, తల్లిదండ్రుల సమావేశంలో పిల్లల కౌన్సెలర్ ఒకరు చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరులోనే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకు రండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. మొదటి వరుసలో కూర్చుంటే ప్రశ్నలడుగుతానేమోనని భయపడకండి. పిల్లల్ని వెంటబెట్టుకొచ్చినవాళ్ళు, పక్కగదిలో రంగులు, కాగితాలు పెట్టించారు, అక్కడ కూర్చోబెట్టండి. ఫోన్ చేతికిచ్చి మాత్రం కూర్చోబెట్టకండి, ఈ ఒక్క గంటకైనా. (నవ్వులు)

నన్ను పిలిచినప్పుడు కాలనీ పెద్దలు "మేడమ్, పిల్లలకు ఫోన్ మాన్పించడం గురించి చెప్పండి" అన్నారు. ఆ గంటల లెక్క నిమిషంలో చెప్పేస్తాను. మన దేశపు పిల్లల డాక్టర్ల సంఘం, ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, 2021లో చెప్పింది ఇదీ: రెండేళ్ళలోపు పిల్లలకు ఎప్పుడైనా వీడియో కాల్ తప్ప ఏ తెరా వద్దు. రెండు నుంచి ఐదేళ్ళ దాకా రోజుకు గంట మించొద్దు, ఎంత తక్కువైతే అంత మంచిది. ఐదు నుంచి పదేళ్ళ దాకా రెండు గంటలలోపు. రాసుకున్నారా? ఇక గంటల సంగతి వదిలేద్దాం. ఎందుకంటే నా దగ్గరికి వచ్చే తల్లులు "మావాడు గంటే చూస్తాడు మేడమ్" అంటారు. ఆ గంటలో ఏం చూస్తాడమ్మా అంటే చెప్పలేరు. నేనివాళ మాట్లాడేది ఆ గంట లోపలి సరుకు గురించి. కొట్లాటలు, నరుకుళ్ళు, రక్తం. అవి పిల్లల్ని ఏం చేస్తాయి, మనం ఏం చేయగలం.

హింస అనగానే మనకు సినిమా ఫైటు గుర్తొస్తుంది, లేదా పెద్దపిల్లలు ఆడే తుపాకుల ఆట. కానీ చిన్నపిల్లల కంటపడే దాంట్లో చాలా భాగం వాళ్ళు పెట్టుకున్నది కాదు, మనం పెట్టింది. రాత్రి ఎనిమిదింటికి ఒక ఇంట్లోకి తొంగిచూద్దాం. ఈ చుట్టుపక్కల ఇల్లే అనుకోండి. అన్నం పళ్ళేలతో అందరూ హాల్లో ఉన్నారు. టీవీలో వార్తలు. ఎక్కడో నడిరోడ్డు మీద హత్య, సీసీటీవీ దృశ్యం. మనిషి చుట్టూ ఎర్ర గుండ్రం, ఒక బాణం గుర్తు, స్లో మోషన్, వెనక దడదడమని మ్యూజిక్. కత్తి దిగే చోట మాత్రం మసక. యాంకర్ మాట్లాడినంతసేపూ ఆ ముక్కే మళ్ళీ మళ్ళీ తిరుగుతుంది. నాన్న "అబ్బ, రోజులెట్ల మారినయో" అంటాడు, పప్పు కలుపుకుంటాడు. కిందనే కూర్చుని ఆరేళ్ళ పిల్ల అన్నం తింటోంది. ఆమెకు ఎవరూ ఏమీ చెప్పరు. అది చూడట్లేదులే అనుకుంటాం. మళ్ళీ అదే పిల్ల మర్నాడు స్కూలు బస్సెక్కనని ఏడిస్తే, హోంవర్కు చేయలేదేమో అనుకుంటాం.

2023 ఫిబ్రవరిలో పక్కనే అంబర్‌పేటలో ఒక పసివాడి మీద వీధికుక్కలు దాడిచేసిన సంగతి మీకందరికీ తెలుసు. ఆ వీడియో కొన్ని రోజుల పాటు టీవీల్లో, వాట్సాప్‌లో ఎట్లా తిరిగిందో కూడా తెలుసు. పెద్దవాళ్ళం జాగ్రత్త కోసమని పంచుకున్నాం. ఆ రోజుల్లో ఒక రెండో తరగతి పాపను నా దగ్గరికి తెచ్చారు. పక్క వీధిలోనే ఉన్న ట్యూషన్‌కి వెళ్ళనంటోంది. చాలాసేపు బొమ్మలు గీయించాక అడిగింది: "ఆ కుక్కలు ఎంతమందిని కరిచాయి ఆంటీ?" ఒక్క బాబునేనమ్మా అన్నాను. ఒప్పుకోలేదు. "కాదు, నేను చాలాసార్లు చూశాను" అంది. ఆమె లెక్కలో ఆ దృశ్యం వచ్చిన ప్రతిసారీ ఇంకో బాబు. చిన్నపిల్లలు ఇట్లాగే లెక్కపెట్టుకుంటారని చాలామంది పరిశోధకులు రాశారు. అమెరికాలో 2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత చూస్తే, టీవీలో ఆ దృశ్యాలు ఎక్కువసేపు చూసిన పిల్లల్లో ఒత్తిడి లక్షణాలు ఎక్కువగా కనిపించాయి. ఆ భవనాలకు ఎంతో దూరాన ఉన్న ఇళ్ళలోని పిల్లలకు కూడా.

మనవాళ్ళు ఎప్పుడూ "హింస చూస్తే కొట్టడం నేర్చుకుంటాడా?" అని అడుగుతారు. "భయపడుతున్నాడా?" అని అడిగేవాళ్ళు తక్కువ. నాకు మాత్రం రెండోదే ఎక్కువ ఎదురవుతుంది. నిద్రలో ఉలిక్కిపడటం, బాత్రూముకు ఒంటరిగా వెళ్ళకపోవడం, అమ్మ ఆఫీసు నుంచి పావుగంట ఆలస్యమైతే ఏడుపు. జోఆన్ క్యాంటర్ అనే ఆవిడ పిల్లల భయాల మీద ఏళ్ళ తరబడి పనిచేసింది. ఆవిడ చెప్పిన దాంట్లో నాకు రోజూ పనికొచ్చేది ఇది: ఐదారేళ్ళలోపు పిల్లలకు ఆకారమే భయం. మంచివాడైనా సరే, ముఖం వికారంగా మారితే చాలు. ఏడెనిమిదేళ్ళు దాటాక "ఇది నిజంగా జరుగుతుందా, నాకు జరుగుతుందా" అన్నది భయం. అందుకే నాలుగేళ్ళవాడికి "అది నిజం కాదురా, మేకప్‌రా" అని ఎంత చెప్పినా గోడకు చెప్పినట్టే. వాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకోవాలి, లైటు వేయాలి, ఇంకేదైనా ఆటలో పెట్టాలి. పదేళ్ళవాడికి ఒళ్ళో కూర్చోబెట్టుకుంటే చాలదు. నిజంగా ఎంతవరకు జరుగుతుంది, మన ఇంట్లో ఏం జాగ్రత్త ఉంది, అది చెప్పాలి.

ఇప్పుడు కొట్టడం సంగతికొద్దాం. 1961లో స్టాన్‌ఫర్డ్‌లో ఆల్బర్ట్ బండూరా ఒక ప్రయోగం చేశాడు. గాలి నింపిన పెద్ద బొమ్మ, కొడితే పడి మళ్ళీ లేస్తుంది. ఒక పెద్దమనిషి దాన్ని కొడుతుంటే, సుత్తితో బాదుతుంటే పిల్లలు చూశారు. తర్వాత ఆ పిల్లల్ని అలాంటి బొమ్మే ఉన్న గదిలో వదిలితే అచ్చం అట్లాగే బాదారు, అవే మాటలంటూ. 1963లో అదే సంగతి సినిమాగా తీసి చూపిస్తే కూడా అంతే. 1965లో చేసింది ఇంకా ఆసక్తిగా ఉంటుంది. కొట్టినవాడికి శిక్ష పడినట్టు చూపిస్తే పిల్లలు తక్కువ కొట్టారు. కానీ "వాడేం చేశాడో చేసి చూపిస్తే బహుమతి ఇస్తాం" అనగానే, శిక్ష చూసినవాళ్ళు కూడా చేసి చూపించారు. అంటే పాఠం ఎక్కింది, బయటికి రాలేదు, అంతే.

అట్లాగని భయపెట్టేవాళ్ళ మాటా నమ్మకండి. ఫైట్లు చూసిన ప్రతివాడూ రౌడీ అయితే మన హైదరాబాద్‌లో ఎవరూ మిగలరు, నాతో సహా. (నవ్వులు) అమెరికా మనస్తత్వవేత్తల సంఘం 2020లో ఈ విషయమే తేల్చి చెప్పింది. హింసాత్మక వీడియో గేములకు, అరవడం, తోసేయడం లాంటి దూకుడుకు చిన్నపాటి సంబంధం ఉంది. నేరాలకు, హత్యలకు అవే కారణమని చెప్పడానికి మాత్రం తగిన ఆధారం లేదు. కాబట్టి రేపు ఎక్కడైనా ఒక కుర్రాడు ఏదో చేస్తే, టీవీలో "ఆ గేమ్ వల్లే" అని స్క్రోలింగ్ వస్తే, మీరు తొందరపడకండి. ఆ కుర్రాడి ఇల్లు, బడి, స్నేహాలు, తిన్న దెబ్బలు, అన్నీ కలిస్తేనే ఒక కథ.

దెబ్బలంటే గుర్తొచ్చింది, ఇది చెప్పకుండా ముందుకు పోలేను. ఫోన్‌లో ఫైట్లు చూస్తున్నాడని బెల్టు తీసే నాన్నలున్నారు. వాళ్ళు నా ముందు కూర్చుని "ఎంత కొట్టినా వినట్లేదు మేడమ్, వీడికి కోపం ఎక్కువైంది" అంటారు. వాడికి ఆ ఇంట్లో కోపం అంటే ఏంటో నేర్పింది ఫోన్ ఒక్కటే కాదు గదా. బడిలో పిల్లల్ని కొట్టడాన్ని విద్యాహక్కు చట్టం 2009లోనే నిషేధించింది. ఇంట్లో దెబ్బలు తినే పిల్లవాడికి తెర మీది దెబ్బలు ఇంకా బలంగా అంటుకుంటాయి. ఆ ఇళ్ళలో యాప్‌లు, లాక్‌ల గురించి నేను మాట్లాడను. ముందు బెల్టు సంగతి మాట్లాడతాను.

ఇక నేను ఇవాళ వచ్చిన అసలు పని. ఎక్కడికెళ్ళినా ఎవరో ఒక పెద్దాయన లేచి అడుగుతారు: "అమ్మా, మన రామాయణ భారతాల్లో హింస లేదా? నరసింహస్వామి పేగులు తీయలేదా? మేమంతా అవి విని పెరగలేదా?" మంచి ప్రశ్న. ఇవాళ కూడా ఎవరో అడుగుతారు, అందుకే ముందే చెప్తున్నాను. (నవ్వులు)

విన్నాం, పెరిగాం. కానీ ఎట్లా విన్నాం? నానమ్మ చెప్తుంటే విన్నాం. మన ముఖం చూస్తూ చెప్పేది. కళ్ళు పెద్దవైతే గొంతు తగ్గించేది, "ఇక చాలు, నిద్రపో" అనేది. పేగుల దాకా పోవాలా వద్దా అన్నది ఆవిడ చేతిలో ఉండేది. తెరకు మన పిల్ల ముఖం కనబడదు. అది ఒకటి. రెండోది ఇంకా పెద్దది. భారతంలో పద్దెనిమిది రోజుల యుద్ధం అయిపోయాక కవి అక్కడ ఆపలేదు. ఒక పూర్తి పర్వం, పదకొండోది, స్త్రీపర్వమని పెట్టాడు. తెలుగులో దాన్ని తిక్కన రాశాడు. అందులో యుద్ధం లేదు. చచ్చినవాళ్ళ తల్లులు, భార్యలు రణభూమిలో తిరుగుతారు. ముక్కలైన శరీరాల్లో ఏది ఎవరిదో వెతుక్కుంటారు. గాంధారి ఏడుస్తుంది, కృష్ణుణ్ణే శపిస్తుంది. గెలిచిన ధర్మరాజు తల ఎత్తలేడు. యుద్ధం చెప్పినవాడు దాని ఖరీదు కూడా చెప్పాడు.

మన తెరల మీద ఉన్నది స్త్రీపర్వం లేని యుద్ధం. హీరో ఇరవైమందిని గాల్లోకి లేపుతాడు. ఆ ఇరవైమందిలో ఒక్కడికీ ఇల్లుండదు, తల్లుండదు, ఆస్పత్రి బిల్లుండదు. ఇది నా పైత్యం అనుకోకండి. అమెరికాలో 1994 నుంచి 1998 దాకా నేషనల్ టెలివిజన్ వయొలెన్స్ స్టడీ అని వేల గంటల కార్యక్రమాలు లెక్కగట్టి చూశారు. సుమారు 60 శాతం కార్యక్రమాల్లో హింస ఉంది. అంతకంటే వాళ్ళను కలవరపెట్టింది వేరు. హింస ఉన్న సన్నివేశాల్లో ఎక్కువ శాతం, కొట్టినవాడికి అక్కడ ఏ శిక్షా లేదు. సగానికి పైగా, దెబ్బ తిన్నవాడికి నొప్పే కనబడదు. పిల్లలకు హాని చేసేది రక్తం ఒక్కటే కాదు, నొప్పి లేని దెబ్బ.

ఈ లెక్కన చూస్తే, మనం అమాయకం అనుకునేవి కూడా తేడాగా కనిపిస్తాయి. మన హైదరాబాద్‌లోనే తయారై 2008 నుంచి దేశమంతా చూస్తున్న లడ్డూల పిల్లవాడి కార్టూన్ ఉంది గదా. నాకు దాని మీద కోపం లేదు, మంచి స్నేహం ఉంటుంది, ఊరికి సాయం ఉంటుంది. కానీ చివరికి చిక్కు తీరేది చాలాసార్లు పిడికిలితోనే. సీరియళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఒక్క చెంపదెబ్బను మూడు వైపుల నుంచి మూడుసార్లు చూపిస్తారు. పాలల్లో ఏం కలపాలో అత్త పథకం వేస్తుంటే పక్కన మనవడు హార్లిక్స్ తాగుతుంటాడు. (నవ్వులు) ఒకరి మీద ఒకరికి చాడీలు చెప్పడం, నలుగురిలో నవ్వులపాలు చేయడం, ఇవీ దెబ్బలే. ఆడపిల్లలు ఎక్కువగా బడికి పట్టుకొచ్చేవి ఇవే అని టీచర్లు నాతో అంటుంటారు.

సినిమా హాలు సంగతి. 1983 నుంచి మనకు యూ/ఏ సర్టిఫికెట్ ఉంది. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించి దాన్ని మూడు చేశారు: యూఏ 7 ప్లస్, యూఏ 13 ప్లస్, యూఏ 16 ప్లస్. అంటే ఆ వయసులోపు పిల్లలకు ఇది తగునా కాదా అన్నది తల్లిదండ్రులు చూసుకోవాలని. పెద్దలకు మాత్రమే అని ఇచ్చే 'ఏ' సర్టిఫికెట్ అయితే పద్దెనిమిదేళ్ళలోపు వాళ్ళను లోపలికి రానివ్వనే కూడదు, అది చట్టం. కానీ మన దగ్గర అభిమాన హీరో సినిమా అంటే మూడేళ్ళవాణ్ణి భుజం మీద ఎక్కించుకుని బెనిఫిట్ షోకు పోతాం. ఆ చప్పుడుకు వాడు చెవులు మూసుకుని అమ్మ కొంగులో దూరితే "మావాడికి ఫైట్లంటే భయం" అని నవ్వుతాం. వాడు చెప్తున్నది వినాలి. తెలంగాణ హైకోర్టు 2025 జనవరిలో పదహారేళ్ళలోపు పిల్లల్ని ఉదయం 11 గంటలకు ముందు, రాత్రి 11 గంటల తర్వాత షోలకు రానివ్వొద్దని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. తర్వాత మార్చిలో దాన్ని సడలించింది. కోర్టు గేటు దగ్గర నిలబడదు. టికెట్ కొనేది మనమే. బుక్ చేసేటప్పుడు పోస్టర్ పక్కనే ఆ అక్షరాలుంటాయి, ఒక్క క్షణం చూడండి.

సరే, ఇవన్నీ విన్నాం, ఏం చేయమంటారు అంటారా? మాన్పించడం నా చేత కాదు, మీ చేతా కాదు. మార్పించడం అవుతుంది. సియాటిల్‌లో దిమిత్రి క్రిస్టాకిస్ అనే పిల్లల డాక్టరు బృందం మూడు నుంచి ఐదేళ్ళ పిల్లలున్న 565 కుటుంబాలతో ఒక ప్రయత్నం చేసింది. 2013లో ఫలితాలు వచ్చాయి. కుటుంబాల్లో కొందరికి "టీవీ తగ్గించండి" అని ఒక్కమాట కూడా చెప్పలేదు. కొట్లాటలున్నవి తీసి, వాటి చోట స్నేహం, సాయం, నేర్చుకోవడం ఉన్నవి పెట్టడానికి మాత్రం సాయం చేశారు. ప్రతి నెలా ఏం చూడొచ్చో జాబితా పంపారు. ఆరు నెలలకు ఆ పిల్లల ప్రవర్తన మెరుగైంది. గంటలు తగ్గలేదు, దూకుడు తగ్గింది. పేద కుటుంబాల మగపిల్లల్లో ఎక్కువ మేలు కనబడింది. అదే బృందం నిద్ర కూడా బాగుపడిందని చూపించింది. ఇది నాకెందుకంత ఇష్టమంటే, మన బస్తీల్లో ఒక్క గదే ఇల్లు. పిల్లల్ని వేరే గదిలోకి పంపండి అని సలహా ఇచ్చేవాళ్ళు ఆ ఇల్లు చూడలేదు. ఆ తల్లికి టీవీ ఆపడం కుదరదు, కానీ చానల్ మార్చగలదు.

మార్పించాలంటే పిల్లవాడు ఆ ఫైటులో ఏం వెతుక్కుంటున్నాడో చూడాలి. వాడికి కావాల్సింది వేగం, ఎత్తు, ప్రమాదం, గెలుపు. వాడి ముందు నీతికథ పెడితే లేచిపోతాడు. కబడ్డీ పెట్టండి. పట్టుకుంటారు, పడేస్తారు, కానీ విజిల్ ఉంది, గీత ఉంది, ఆట అయ్యాక చేతులు కలుపుతారు. రాకెట్లు, అగ్నిపర్వతాలు, గనుల్లో తిరిగే యంత్రాలు, వరదల్లో సహాయ దళాలు. పులి జింకను పట్టే వీడియోలు మాత్రం మరీ చిన్నవాళ్ళకు వద్దు, ప్రకృతే అయినా వాళ్ళకది భయమే. మన ఊళ్ళో పబ్లిక్ గార్డెన్స్‌లో జవహర్ బాల భవన్ ఉంది, నౌబత్ పహాడ్ మీద బిర్లా ప్లానెటోరియం ఉంది. బాలల చలనచిత్రోత్సవానికి ఏళ్ళ తరబడి మన హైదరాబాదే వేదికగా ఉండేది. 2017 నవంబర్‌లో ఇక్కడ 20వ ఉత్సవం జరిగింది. సర్కారు బడుల పిల్లలు బస్సుల్లో వచ్చి వేరే భాషల సినిమాలు కళ్ళార్పకుండా చూడటం నేను చూశాను. ఫైట్లు లేకపోతే పిల్లలు చూడరన్న మాట నాకు అప్పుడే పోయింది.

రెండోది, పక్కన కూర్చోవడం. "నేను పక్కనే ఉంటా మేడమ్, వాడితోనే చూస్తా" అంటారు నాన్నలు. మాట్లాడతారా అంటే లేదు. ఆమీ నాథన్సన్ అనే పరిశోధకురాలు ఇదే చూసింది. ఊరికే పక్కన కూర్చుని చూస్తే మేలు జరగదు, పైగా కీడు. నాన్న ఏమీ అనలేదంటే ఇది సరైనదే అని పిల్లవాడి లెక్క. మాట్లాడితే మాత్రం ఫలితం మారుతుంది. ఏం మాట్లాడాలి? ఆవిడా, ఇందాక చెప్పిన క్యాంటరూ కలిసి 2000లో ప్రచురించిన ప్రయోగం ఒకటుంది. పిల్లలకు ఒక వడ్రంగిపిట్ట కార్టూన్ చూపించారు. అందులో పిట్ట ఒక మనిషిని నానా అవస్థలూ పెడుతుంది. కొంతమంది పిల్లలతో ముందే ఒక్క మాట చెప్పారు: చూస్తున్నంతసేపూ ఆ మనిషికి ఎట్లా ఉందో ఆలోచించండి అని. అంతే. ఆ మాట విన్న మగపిల్లల్లో తర్వాత దూకుడు పెరగలేదు, విననివాళ్ళలో పెరిగింది. ఇది ఖర్చులేని పని. "ఆ కింద పడ్డాయనకు ఇప్పుడు ఎట్లుందిరా?" "వాళ్ళమ్మకు ఎవరు చెప్తారు?" "నిజంగా అయితే అంబులెన్స్ వచ్చేదా?" ఇట్లా సినిమా మధ్యలో ఒక్కసారి అడిగితే చాలు. ఉపన్యాసం ఇవ్వకండి, వాడు ఇంకోసారి మీ పక్కన కూర్చోడు. తెర వదిలేసిన స్త్రీపర్వాన్ని ఇంట్లో మనం కలుపుతున్నాం, అంతే.

మూడోది కొంచెం పెద్దపిల్లలకు. 2001లో థామస్ రాబిన్సన్ కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో మూడు, నాలుగు తరగతుల పిల్లలతో ఆరు నెలల పాఠాలు నడిపించాడు. ముందు పది రోజులు టీవీ, వీడియో గేములు పూర్తిగా బంద్. తర్వాత వారానికి ఏడు గంటల బడ్జెట్. ఎందులో ఖర్చుపెట్టాలో పిల్లల ఇష్టం. ఆ బడిలో తోటి పిల్లలే చెప్పారు, కొట్లాటలు తగ్గాయని. ఆటస్థలంలో తిట్టుకోవడం కూడా తగ్గింది. బడ్జెట్ అనేది పిల్లల చేతిలో పెడితే వాళ్ళు మనకంటే పిసినారులు అవుతారు. "ఈ ఫైటు సినిమా చూస్తే వారమంతా అయిపోతుంది" అని వాళ్ళే లెక్కేస్తారు.

ఫోన్ల సంగతి త్వరగా చెప్తాను, చివర్లో విడిగా చూపిస్తాం కూడా. మీ ఫోన్‌లో మీ యూట్యూబ్ అకౌంట్‌తో పిల్లలు చూస్తే, మీరు రాత్రి చూసిన క్రైమ్ వీడియో మర్నాడు వాళ్ళ ముందుకొస్తుంది. వాళ్ళకు వేరే ఉండాలి. యూట్యూబ్ కిడ్స్‌లో మీరు ఎంచినవి మాత్రమే కనబడేట్టు పెట్టుకునే వీలుంది, చిన్నవాళ్ళకు అదే మేలు. తర్వాతది దానంతటదే మొదలయ్యే ఆటోప్లే ఆపేయండి. ఓటీటీలకు 2021 ఐటీ నిబంధనల ప్రకారం వయసు గుర్తులు ఉండాలి, 13 ప్లస్, ఆ పైవాటికి తల్లిదండ్రుల లాక్ ఇవ్వాలి. వాళ్ళు ఇచ్చారు, మనమే పెట్టుకోలేదు. ఇంకొకటి, ఇయర్‌ఫోన్స్ తీయించండి. వంటింట్లో ఉన్నా చెవులతో కాపలా కాయొచ్చు.

తుపాకుల ఆటల గురించి. పబ్జీని 2020 సెప్టెంబర్‌లో నిషేధించారు. 2021లో అది వేరే పేరుతో వచ్చింది. పద్దెనిమిదేళ్ళలోపు వాళ్ళకు రోజుకు 3 గంటల పరిమితి, తల్లిదండ్రుల అనుమతి అన్నారు. రక్తం రంగు ఎరుపు నుంచి ఆకుపచ్చ చేశారు. బెండకాయ రసం కారినంత మాత్రాన తుపాకీ బొమ్మ అవుతుందా, నాకైతే తెలియదు. (నవ్వులు) పిల్లలు వయసు పెంచి రాసుకుంటారు, నాన్న నంబరుకు వచ్చిన ఓటీపీ వాళ్ళే కొట్టుకుంటారు. నేను పదమూడేళ్ళవాళ్ళ తల్లిదండ్రులకు చెప్పేది, ఒకసారి కూర్చుని వాడితో ఆడి ఓడిపోండి. వాడు ఎవరితో మాట్లాడుతున్నాడు, ఏ భాషలో తిడుతున్నారు, అప్పుడు మీకు తెలుస్తుంది. బొమ్మ తుపాకీ కంటే హెడ్‌సెట్‌లో వినబడే తెలియని గొంతులే నాకు ఎక్కువ బెంగ. నిద్ర, చదువు, తిండి అన్నీ దెబ్బతిని మీ చేయి దాటిందనిపిస్తే టెలీమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

ఇక ప్రశ్నలు. చెప్పండమ్మా.

(ఒక తల్లి: మేడమ్, మేమిద్దరం ఆఫీసుకు పోతాం, ఇంట్లో మా అత్తయ్య ఉంటారు. ఆవిడకు పొద్దంతా వార్తలే. నేనేం చెప్పినా తప్పుగా తీసుకుంటారు.)

మీరు చెప్పకండి. మీ ఆయనను చెప్పమనండి, ఆవిడ కొడుకే గదా. (నవ్వులు) అట్లా కాదంటే, "ఆపండి" అనకుండా సాయం అడగండి. "అత్తయ్యా, వీడు రాత్రి ఉలిక్కిపడుతున్నాడు, స్కూలు నుంచి వచ్చాక గంటసేపు మీరు వాడికి కథ చెప్తే బాగుంటుంది" అని. వార్తలు వాడు స్కూల్లో ఉన్నప్పుడు చూసుకుంటారు. పెద్దవాళ్ళను పక్కకు నెట్టినట్టు కాకుండా పని అప్పగించినట్టుంటే వింటారు. నా అనుభవంలో నానమ్మలే త్వరగా మారతారు, నాన్నలే కష్టం.

(ఒక తండ్రి: మా బాబు ఇప్పటికే ఒక హత్య వీడియో చూసేశాడు, ఫ్యామిలీ గ్రూపులో వచ్చింది. ఇప్పుడేం చేయాలి?)

ఎన్నేళ్ళండీ? తొమ్మిదా. ముందు, ఎందుకు చూశావని అడగకండి. అడిగితే ఇంకోసారి చూసినప్పుడు మీకు చెప్పడు. "ఏం కనబడింది, ఏది గుర్తొస్తోంది" అని వాణ్ణి చెప్పనివ్వండి. తప్పుగా అర్థం చేసుకున్నది సరిదిద్దండి. ఆ మనిషిని ఆస్పత్రికి తీసుకెళ్ళారా, పోలీసులు ఏం చేశారు, నిజం ఎంతుందో అంత చెప్పండి. కొన్ని రాత్రులు పక్కన పడుకోండి. ఒక నెల దాటినా నిద్ర కుదురుకోకపోతే, బడికి పోనంటే అప్పుడు పిల్లల డాక్టర్‌కు గానీ కౌన్సెలర్‌కు గానీ చూపించండి. ఇంకోటి, ఆ గ్రూపులో మీరే మెసేజ్ పెట్టండి, ఇట్లాంటివి పంపొద్దని. మీ బావగారికి కోపమొస్తే రానివ్వండి. వాట్సాప్‌లో వీడియోలు వాటంతటవే ఫోన్‌లోకి దిగకుండా సెట్టింగ్ కూడా ఉంది, దిగితే గ్యాలరీలో పిల్లల ఫోటోల పక్కనే కూర్చుంటాయి.

సమయం అయిందని సైగ చేస్తున్నారు. ఫోన్లు తెచ్చుకున్నవాళ్ళు అటు టేబుల్ దగ్గరికి రండి. కాలనీ కుర్రాళ్ళు ముగ్గురున్నారు, పిల్లల ప్రొఫైల్, పిన్, ఆటోప్లే అన్నీ పెట్టిస్తారు. పిన్‌గా మీ పెళ్ళిరోజు, పుట్టినరోజు మాత్రం పెట్టకండి. అవి మీకంటే ముందు మీ పిల్లలకు తెలుసు.